రెండో ఎక్కం

బస్సు వంతెన మీదికి ఎక్కగానే ఆగిపోయింది. ముందెక్కడో లారీ మొరాయించిందట. కిటికీ పక్క సీటు దొరికింది కాబట్టి దానికి నాకేం దిగుల్లేదు, దిగులల్లా ఇల్లు చేరేలోగా ఒక మాట తేల్చుకోవాలని, ఆ పీజీ ప్రవేశ పరీక్ష మళ్ళీ రాయాలా వద్దా అని. అక్క మాత్రం పొద్దున్న నా మార్కులు వినీ వినగానే తేల్చి పారేసింది, "మూడంటే మూడే తక్కువ, కళ్ళు మూసుకుని మళ్ళీ రాసెయ్యవే" అని. కళ్ళు మూసుకుని పరీక్ష ఎలా రాస్తారో నాకు తెలియదు గానీ అక్క రాయగలదు, చిన్నప్పటి నుంచీ అక్క ఎలా రాసినా ఫస్టే, ఇప్పుడు కాలేజీలో కెమిస్ట్రీ చెప్తుంది, ఆవిడ క్లాసులో ఈగ కూడా అనుమతి అడిగి వాలుతుందని పిల్లలు అనుకుంటారట. మనుషుల నడక మీద పరిశోధన చేసే ఆ పెద్ద సంస్థ అంటే అక్కకి ప్రాణం. అక్కడ నేల కింద సెన్సర్లు, గోడల నిండా కెమెరాలు, మనిషి అటూ ఇటూ నడుస్తుంటే ఏ కీలు ఎంత వంగిందో తెర మీద గీతలై పారుతుంది, ఆ హాలు ఫొటో అక్కే నాకు పంపింది, పంపి కింద "నీ చోటు ఇది" అని రాసింది. ఆ చోటుకి మూడు మార్కుల దూరంలో ఆగాను. ఇక మా ఊరి యూనివర్సిటీ ఉంది, పాత భవనం, పై అంతస్తులో చిన్న విభాగం, పీజీలో ఈ ఏడాదికి ఒకే ఒక్క సీటు, అది మీకిస్తామని ప్రొఫెసరమ్మ పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది, సాయంత్రంలోగా అవునో కాదో చెప్పమంది, వెనకాల ఇంకొకరు కాచుకుని ఉన్నారట. సీటు తీసుకున్నవాళ్ళు పరీక్ష మళ్ళీ రాయకూడదు, అది నిబంధన. అవ్వా కావాలి బువ్వా కావాలి అంటే కుదరదు.

రెండో ఎక్కం. అది నా పేరు. అసలు పేరు ఇంట్లో ఎవరికీ గుర్తుండేది కాదు. అక్క పదహారో ఎక్కం గడగడా అప్పజెప్పేనాటికి నేను ఇంకా రెండో ఎక్కంలోనే, అదీ సగం దాటాక గొంతు సన్నబడిపోయి, నాన్న మొహంలోకి చూస్తూ, ఆయన పెదవులు ఎటు కదిలితే అటు అందుకునేదాన్ని. నాన్న ముద్దుగానే పెట్టాడు ఆ పేరు. పెద్దయ్యాక దానికి వేరే అర్థం వచ్చి చేరింది, ఏ పనైనా నాకు రెండోసారికే అవుతుందని. పదో తరగతి లెక్కలు రెండోసారికి, ఫిజియోథెరపీ కోర్సులో సీటు రెండో విడతకి, డ్రైవింగ్ లైసెన్సు రెండోసారికి. మా అమ్మాయి పుట్టేటప్పుడు కూడా అంతే, నొప్పులొచ్చాయని ఆసుపత్రికి పరిగెత్తాం, తీరా వెళ్ళాక నొప్పులు ఆగిపోయాయి, ఇంటికొచ్చి మళ్ళీ వెళ్ళాం. "దీనికి కూడా రెండోసారేనటమ్మా" అని నాన్న ఫోన్లో పడీ పడీ నవ్వాడు, ఆ నవ్వులోనే మనవరాలు పుట్టిందన్న సంతోషపు ఏడుపు కూడా కలిసిపోయి కాసేపు ఏం మాట్లాడాడో అర్థం కాలేదు. నాన్న పోయాక ఆ పేరుతో పిలిచేది అక్క ఒక్కతే. పొద్దున్న కూడా అలాగే పిలిచింది. "ఏం కాదే రెండో ఎక్కం, నీకు అలవాటేగా." అలవాటే. కాదని ఎవరన్నారు. కానీ ఆ మాట వినగానే నా మెడ అదాటున నిటారుగా అయిపోయింది, ఎవరో వెనకనుంచి జుట్టు పట్టి లాగినట్టు.

బస్సులో సహనం లేనివాళ్ళు ఒక్కొక్కరే దిగి వంతెన మీద నడిచిపోతున్నారు. నాకు ఇంతకంటే కాలక్షేపం ఏం కావాలి, పదిహేడేళ్ళుగా నా పని మనుషుల నడక చూడడమే కదా. బ్యాగు ఒకే భుజానికి తగిలించుకున్న ఆ కుర్రాడికి ఇంకో పదేళ్ళలో నడుం పట్టేస్తుంది. ఆ ఎర్ర చీర ఆవిడ చెప్పు ఎడమవైపు అరిగింది, తుంటి లోపలికి తిరుగుతోంది, ఆవిడకింకా తెలియదు. ఆ పెద్దాయన మోకాళ్ళు రెండూ మార్పించుకున్నాడు, ఎవరు చేయించారో గానీ వ్యాయామం బాగా చేయించారు, మెట్టు దిగేటప్పుడు చూడు ఎంత హాయిగా దిగాడో. మా ఆయన ఇలాంటప్పుడు నా మోచేతిని గిల్లుతాడు, "బజారులో అందరి కాళ్ళూ చూడకు, బాగుండదు" అంటాడు, తను మాత్రం ఎదుటివాళ్ళ కళ్ళజోళ్ళు చూస్తాడు, కళ్ళజోళ్ళ షాపు మరి, పెళ్ళికి వెళ్ళినా మేమిద్దరం మనుషుల్ని పైనుంచి ఒకరు, కిందనుంచి ఒకరు చూసుకుంటూ వస్తాం. ఆసుపత్రి అడుగు అంతస్తులో నా గది, పట్టుకుని నడవడానికి రెండు పొడుగాటి కమ్మీలు, ఒక పెద్ద అద్దం, మూడు మెట్లు ఎక్కి అటు దిగే చెక్క మెట్లు, అవి ఎక్కడికీ వెళ్ళవు. ఎంతమంది ఆ మెట్లెక్కారు! చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ళు ఆ మెట్లు దిగి, తలుపు దాటి, వరండాలో సొంతంగా మలుపు తిరిగి కనబడకుండా పోతారు. అలా పోవడమే నాకు వాళ్ళిచ్చే బహుమతి. ఆ మాట ఎవరికీ చెప్పను, చెప్తే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది. కానీ గొప్పే. ఈ వంతెన మీద ఎవరూ వినడం లేదు కాబట్టి ఒప్పుకోవచ్చు, గొప్పే.

అందరూ అలా పోరు. ఒక పెయింటర్ ఉన్నాడు, అతను అలా పోలేదు. నిచ్చెన మీంచి పడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు, ఎముక అతుక్కుంది, కండ బలం పుంజుకుంది, ఎక్స్‌రే చూసిన పెద్ద డాక్టరు కాలు బంగారంలా ఉందన్నాడు, అయినా కుంటుతూనే ఉన్నాడు. ఏం నొప్పి అంటే నొప్పి లేదు మేడమ్ అంటాడు. మరెందుకు కుంటుతున్నావంటే కుంటుతున్నానా అంటాడు. ఒకరోజు మా గదికి రంగులు వేయిస్తున్నారు, ఎవరో కొత్త కుర్రాడు రోలర్ పట్టుకుని గోడ మీద అడ్డదిడ్డంగా తోస్తున్నాడు, ఇతను కమ్మీల మధ్య నిలబడి చూస్తూ గుడ్లు ఉరుముతున్నాడు, కాసేపు పళ్ళు కొరికాడు, ఇక ఆగలేక "ఒరేయ్, గోడకి పూస్తున్నావా, గేదెకి పూస్తున్నావా!" అని అరుస్తూ కమ్మీలు వదిలేసి గది ఈ చివరినుంచి ఆ చివరికి సర్రున వెళ్ళి రోలర్ లాక్కున్నాడు. కుంటలేదు. నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. గదిలో ఉన్నవాళ్ళందరూ చూశారు, అందరికంటే ఆఖరున తనే చూసుకున్నాడు, తన కాలి వంక ఎవరిదో అన్నట్టు చూశాడు, రోలర్ కుర్రాడికిచ్చేసి వెనక్కి తిరిగాడు, కుంటుకుంటూ వచ్చాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. కాలు బాగైపోయింది సరే, కుంటు ఎక్కడ ఉండిపోయింది? డాక్టర్లను అడిగితే మనసులో భయమమ్మా అన్నారు, భయమైతే కోపానికి ఎలా పోయింది, మళ్ళీ ఎలా తిరిగొచ్చింది, ఏ దారిన వచ్చింది? అది తెలుసుకోవాలంటే చదవాలి. చదవాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. పరీక్షలో లెక్కలు ఉంటాయి. నలభై రెండేళ్ళ వయసులో, లెక్కలు.

లెక్కలు చెప్పింది అమ్మాయి. తొమ్మిదో తరగతి పిల్ల, నాకు పంతులమ్మ అయింది. భోజనాల బల్ల మీద గిన్నెలు పక్కకి జరిపి కూర్చునేవాళ్ళం. మొదటి వారం దాని ఓపిక చూసి మురిసిపోయాను, రెండో వారానికి అది నిజం పంతులమ్మ అయిపోయింది. "అమ్మా, ఇక్కడున్న మైనస్ ఏదీ?" "ఉందిగా." "లేదు, పై లైన్లో ఉంది, కింద లైన్లోకి వచ్చేసరికి లేదు, దారిలో ఎక్కడ దింపేశావ్?" మా ఆయన వంటింట్లో గిన్నెలు తోముతూ కిసుక్కున నవ్వేవాడు, "నువ్వు నవ్వకు నాన్నా, నిన్న నువ్వూ తప్పే చేశావ్" అని అటొక దెబ్బ. ఒకరోజు నేను విసుగొచ్చి పెన్సిలు బల్ల మీద పడేశాను, నా వల్ల కాదు అన్నాను, అది పెన్సిలు తీసి మళ్ళీ నా వేళ్ళ మధ్య పెట్టి, అచ్చం నేను రోగులతో మాట్లాడే గొంతుతో, "మీ వల్ల అవుతుంది, నిన్నటికంటే ఇవాళ ఎక్కువ వంగింది" అంది. ఎప్పుడు విందో, సెలవుల్లో ఆసుపత్రికి వెంట వచ్చినప్పుడు విని ఉంటుంది. నాకు నవ్వొచ్చింది, కళ్ళు చెమర్చాయి, ఆ లెక్క మాత్రం వచ్చింది. నా కడుపున పుట్టిన పిల్ల నాకు చదువు చెప్తోంది, ఇంతకంటే ఏం కావాలి అనుకుంటూ సమీకరణాల మధ్యలో దాని జడ వంక చూస్తూ కూర్చుంటే, "అమ్మా, పుస్తకంలోకి" అని చిటిక వేసేది.

పరీక్ష రోజు గేటు దగ్గర ఒకాయన నన్ను ఆపాడు. "పేరెంట్స్ అటు చెట్టు కింద కూర్చోవాలమ్మా." హాల్ టికెట్ చూపించాను. ఫొటో చూశాడు, నన్ను చూశాడు, "అయ్యో, రండి మేడమ్" అన్నాడు, పాపం ఆయన చెవులు కందగడ్డలా అయ్యాయి. లోపల అందరూ మా అమ్మాయికి అన్నల, అక్కల వయసు వాళ్ళు, నా వెనక కూర్చున్న పిల్ల "ఆంటీ, మీకు భయంగా లేదా" అని గుసగుసగా అడిగింది, "ఉంది, నువ్వు ముందు ఆ కాలు ఊపడం ఆపు, నా కుర్చీ కూడా ఊగుతోంది" అన్నాను, ఫక్కున నవ్వింది, ఆపింది. కాగితం తిప్పాను. ఏదో మాయ జరిగింది అనను, చెమటలు పట్టాయి, రెండు లెక్కలు చూసి వదిలేశాను, ఒకటి తప్పని తెలిసీ తెలిసీ చేశాను, కానీ మధ్యలో ఒకచోట, ఏవో మూడు గొట్టాలు, ఏదో తొట్టి, నాకు లెక్క కనబడింది, కమ్మీల మధ్య మనిషి రెండు అడుగులు వేయగానే లోపం ఎక్కడుందో కనబడుతుందే, అలా, చెయ్యకముందే కనబడింది. అది చేసి తలెత్తి చూశాను. ఎవరూ నన్ను చూడడం లేదు. బతుకులో మొదటిసారి ఒక లెక్కతో నేను ఏకాంతంగా సంతోషించాను.

బస్సు కదిలింది, మళ్ళీ ఆగింది. పొద్దున్న ఫలితం చూసినప్పుడు గదిలో ఒక ముసలావిడ ఉంది, భుజానికి వేడి కాపడం పెట్టించుకుంటోంది, నేను కేక పెట్టానట, "ఏమైంది తల్లీ" అని అదిరిపడింది. పాసయ్యాను అన్నాను. "ఎన్నోది" అంది. ఎన్నో తరగతి అని అడిగింది పాపం, నాకు మాత్రం ఎన్నోసారి అన్నట్టు వినబడింది. "మొదటిసారే" అని గట్టిగా చెప్పాను. ఆ తర్వాత అక్క ఫోన్ వచ్చేదాకా ఉన్న సమయం ఉంది చూడు, అందులో నేను పాస్. ఏ సంస్థకీ తక్కువ కాదు, దేనికీ మూడు దూరం కాదు. అక్క ఫోన్ పెట్టేశాక అవే మార్కులు, చూస్తే ముక్కు చెక్కేసినట్టు కనబడ్డాయి. మా ఆయనకి చేస్తే "నీ ఇష్టం" అన్నాడు. ఆయన "నీ ఇష్టం"లో మూడు రకాలున్నాయి, ఒకటి నాకిష్టం లేదని, ఒకటి నన్ను ఇరికించకని, ఇంకొకటి నిజంగానే నీ ఇష్టమని. ఇది మూడోది. అందుకే కష్టం. బడికి బయల్దేరుతున్న అమ్మాయి ఆయన దగ్గర ఫోన్ లాక్కుని "మళ్ళీ రాస్తావా అమ్మా?" అంది, గొంతు నిండా హుషారు, "రాస్తే ఈసారి మొదటినుంచి చెప్తా, జ్యామెట్రీ సరిగ్గా చెయ్యలేదు మనం." మనం అంది. దానికి ఆ సాయంత్రాలు కావాలి. నాకు అక్కర్లేదా?

నిజం చెప్పు, భయమా నీకు? ఇది నాకు చేతనైన పని, నొప్పికీ భయానికీ తేడా పట్టుకోవడం. మోకాలు వంచుతూ వంచుతూ పిచ్చాపాటీ మొదలుపెడతాను, మీ వీధిలో నీళ్ళొస్తున్నాయా, మీ కోడలు ఉద్యోగంలో చేరిందా, నిజమైన నొప్పి అయితే మాట మధ్యలో తెగుతుంది, భయమైతే కోడలి కబుర్లలో పడి కాలు దానంతట అదే వంగిపోతుంది. సరే, నా మీద నేనే చేసి చూసుకుంటే? ఇంటికెళ్ళి బట్టలు నానబెట్టాలి, పరీక్ష హాల్లో కూర్చున్నాను, అమ్మాయి బూట్లు బిగుతయ్యాయి, కాగితం తిప్పాను, రేపు ముసలావిడ భుజం ఇంకాస్త పైకి లేపించాలి, మొదటి లెక్క చదువుతున్నాను. ఎక్కడా తెగలేదు. బిగుసుకోలేదు. పైగా చెయ్యి దురద పెడుతోంది, వదిలేసిన ఆ రెండు లెక్కలూ ఇప్పుడిమ్మను, ఈ బస్సులోనే చేస్తాను. మళ్ళీ రాస్తే ఆ మూడూ వస్తాయి, మూడేం ఖర్మ, ఆరొస్తాయి. ఆ సంగతి తెలిసేసరికి ఒళ్ళంతా తేలికైంది. రెండో ఎక్కం అనిపించుకోవడం ఇష్టం లేక మొండికేస్తున్నానేమో అని ఇందాకటినుంచీ లోపల ఒక పురుగు తొలుస్తోంది, కాదు, రెండోసారి నాకు నామోషీ కాదు. రెండోసారి రాసే నేను ఆసుపత్రిలో నా గది దాకా వచ్చాను, ఇన్ని కాళ్ళు నడిపించాను.

మరైతే ఏది ఆపుతోంది? పెయింటర్ క్రితం నెల వరండాలో కనబడ్డాడు. పని దొరుకుతోందా అంటే దొరుకుతోంది మేడమ్ అన్నాడు. "నిచ్చెన ఎక్కడం మానేశా. చెయ్యి అందినంత మేర నేను వేస్తాను, పైదంతా మా తమ్ముడు వేస్తాడు." నవ్వుతూనే అన్నాడు. గోడకి సగం మనిషి అయిపోయాడు, బంగారంలాంటి కాలు పెట్టుకుని. నేను మూడు మార్కులు తెచ్చుకునే ఏడాదంతా అతను అంతవరకే వేస్తాడు. పెద్ద సంస్థలో చేరాక కూడా వెంటనే నా ప్రశ్న నా చేతికి రాదు, వాళ్ళ ప్రశ్నలు వాళ్ళకుంటాయి, వరసలో నిలబడాలి. ఇక ప్రొఫెసరమ్మ. పొద్దున్న ఆవిడ ఫోన్ చెయ్యగానే మార్కుల గురించి సంజాయిషీ చెప్పుకోవడానికి గొంతు సవరించుకున్నాను. ఆవిడ మార్కుల ఊసే ఎత్తలేదు. దరఖాస్తుతో పాటు పెయింటర్ గురించి నేను రాసి పంపిన రెండు పేజీలు చదివిందట. "మీ పెయింటర్‌ది ఏ కాలండీ?" అని అడిగింది. కుడికాలు అన్నాను. "రోలర్ లాక్కోవడానికి కదిలినప్పుడు, ముందు ఏ కాలు వేశాడు?" ఆ రోజుని మొదటినుంచీ తలుచుకుని చూశాను. నా కళ్ళ ముందు జరిగింది, అన్ని నెలలుగా రోజూ తలుచుకున్నాను, అతని అరుపు గుర్తుంది, రోలర్‌లోంచి రాలిన చుక్కలు గుర్తున్నాయి, మొదటి అడుగు గుర్తులేదు. ఆ ప్రశ్న పొద్దుట్నించీ పంటి కింద రాయిలా ఉంది. మధ్యాహ్నం గదిలో ఎవరూ లేనప్పుడు కమ్మీల మధ్య నిలబడి, కోపం తెచ్చుకుని, అటు గోడకేసి నేనే రెండు మూడుసార్లు ఉరికాను, ముసలావిడ తలుపు దగ్గర నిలబడి చూసి ఏమనుకుందో. పదిహేడేళ్ళలో ఎవరూ నన్ను అలాంటి ప్రశ్న అడగలేదు. మూడు మార్కుల గురించి నేను ఇవాళ ఎన్నిసార్లు ఆలోచించానో తెలియదు గానీ, ఆ అడుగు గురించి మాత్రం ఆలోచించడం ఆపలేదు.

బస్సు వంతెన దిగింది. ఫోన్ తీశాను. ప్రొఫెసరమ్మ నంబరు నొక్కాను.

"చెప్పండి" అంది ప్రొఫెసరమ్మ. "ఒక మాట ముందే చెప్తానండీ, మీరు మళ్ళీ రాస్తే పెద్ద సంస్థ వచ్చేస్తుంది. నా దగ్గర కెమెరాలు లేవు. పొడుగాటి వరండా ఒకటుంది, దాని మీద కొలతలు గీయించాను, అంతే. తర్వాత నన్ను అనుకోకూడదు."

"రాస్తే వస్తుందని నాకూ తెలుసండీ" అన్నాను. అలా అన్నది నేనేనా అని పక్క సీటావిడ కూడా తిరిగి చూసింది. "అయినా మీ దగ్గరికే వస్తాను. ముందు ఏ కాలు వేశాడో నాకు గుర్తు రావడం లేదు. నాకది తెలుసుకోవాలనుంది."

అటువైపు నవ్వు కాదు గానీ, నవ్వుకి ముందు పీల్చే గాలి వినబడింది. "నాకూనండీ. సోమవారం వచ్చెయ్యండి. ఈలోగా ఒక అధ్యాయం పంపిస్తాను, చదివి ఉంచండి."

ఇంటికొచ్చేసరికి అక్క ఉంది. నాకు తెలుసు వస్తుందని. భోజనాల బల్ల మీద కంప్యూటర్ తెరిచి, పరీక్ష పేజీ తీసి, నా పేరు కూడా టైపు చేసి ఉంచింది, ఒక్క మీట నొక్కడమే తరవాయి. మా ఆయన గుమ్మం దగ్గర నా మొహం చూసి ఏదో అర్థమైనట్టు వంటింట్లోకి తప్పుకున్నాడు. "రా, కూర్చో" అంది అక్క, నేను నిలబడే చెప్పాను, యూనివర్సిటీలో చేరుతున్నానని, చెప్పేశానని. అక్క కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నా మంచి కోరే ఆ ఫొటో పంపిందని, ఆ హాల్లో నన్ను ఊహించుకుని నాకంటే ముందు తనే పొంగిపోయిందని అప్పుడు తోచింది.

"నేనైతే మళ్ళీ రాసేదాన్ని" అంది.

"అవునక్కా. నువ్వైతే రాసేదానివి."

నా గొంతులో కారం లేదు, తనూ వెతకలేదు. కంప్యూటర్ మూసింది. అక్కడ ఏముంది అంత, అంది. ఏముందో చెప్పాను, గేదెకి పూస్తున్నావా దగ్గర్నుంచి మొదలుపెట్టి, గది ఈ చివరినుంచి ఆ చివరికి నడిచి చూపిస్తూ చెప్పాను, ప్రొఫెసరమ్మ అడిగిన ప్రశ్న దాకా వచ్చేసరికి అక్క కెమిస్ట్రీ క్లాసులో కూర్చున్నట్టు ముందుకి వంగింది. "ఏ కాలు?" అంది. తెలియదన్నాను. కాసేపు తన కాళ్ళ వంక చూసుకుంది. "తెలిసినప్పుడు నాకు చెప్పవే" అంది, ఈసారి వెనకాల ఆ పేరు తగిలించలేదు.

అమ్మాయి అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడి వింటోంది. దాని మొహం చూశాను. సాయంత్రాలు పోయాయని దాని మొహం. ఫోన్ దాని చేతికిచ్చాను, ప్రొఫెసరమ్మ పంపిన అధ్యాయం తెరిచి, నాకు మొదటి పేజీ కూడా ఎక్కడం లేదు చూడు అన్నాను. అది ఎప్పట్లాగే భుజాలు ఎత్తి, పంతులమ్మలా పెదవులు బిగించి చదవడం మొదలుపెట్టింది. పై నుంచి కిందికి చదివింది. మళ్ళీ పైకి వెళ్ళింది. అందులోని సమీకరణాల్లో అంకెల కంటే అక్షరాలెక్కువ, వాటి నెత్తి మీద టోపీలు, కింద తోకలు. భుజాలు మెల్లగా దిగాయి.

"అమ్మా, ఇది నాకూ రాదు" అంది చిన్న గొంతుతో.

ఇన్ని నెలల్లో మొదటిసారి అది నా మొహంలోకి కింది నుంచి చూసింది. నేను ఫోన్ తీసుకున్నాను, గిన్నెలు పక్కకి జరిపాను, దాని కుర్చీ నా పక్కకి లాగాను.

"కూర్చో" అన్నాను. "నేను నేర్చుకుని నీకు చెప్తాను."